విదిక్కు స్కాన్‌లో దిక్కులు సరిచేయడం

పల్లెల్లో మంచం మీద పడుకున్నవాణ్ణి జరగమనాలంటే "కొంచెం పడమటికి జరుగు" అంటారు. బస్తీలో అయితే "లెఫ్టుకి జరుగు" అంటారు. మొదటి మాట మంచాన్ని ఎటు తిప్పి వేసినా మారదు. రెండోది మంచంతోపాటే తిరిగిపోతుంది. ఏ మాట వాడినా పని జరుగుతుంది. ఒకడు పడమర అని చెప్పినదాన్ని ఇంకొకడు ఎడమ అని రాసుకున్నప్పుడే పేచీ. మంచం నాలుగు దిక్కులకూ సూటిగా ఉన్నన్నాళ్లు ఆ రాత వల్ల నష్టమేమీ తెలియదు. మంచం కాస్త మూలకు తిరిగిందా, ఇక చెప్పిన దిక్కు వేరు, జరిగిన దిక్కు వేరు.

వాస్తు చెప్పేవాళ్ల దగ్గర దీనికి సరిపోయే మాట ఒకటుంది. దిక్కులకు సూటిగా కాకుండా మూలగా తిరిగిన స్థలాన్ని వాళ్లు విదిక్కు స్థలం అంటారు. వాస్తు మీద మన నమ్మకం ఎలా ఉన్నా, ఆ పదం ఎంఆర్ఐ గదిలో చక్కగా పనికొస్తుంది. యంత్రం అక్షాలకు సూటిగా కాకుండా ఏటవాలుగా స్లైసులు పెట్టి తీసిన స్కాన్ విదిక్కు స్కానే. మామూలు ఎంఆర్ఐకి దానివల్ల ఇబ్బంది లేదు. డిఫ్యూజన్ ఎంఆర్ఐలో మాత్రం ప్రశ్నలు వరసకడతాయి. ఏ దిశల్లో కొలిచారో చెప్పే గ్రేడియెంట్ దిశల పట్టికను ఆ వాలుకు తగ్గట్టు తిప్పాలా? తిప్పితే ఎటువైపు? మనకన్నా ముందే ఎవరైనా తిప్పేశారా? ఈ మూడింటిలో చివరిదే అన్నిటికన్నా కష్టమైనదని నా అభిప్రాయం.

నీరు ఎటు కదులుతోంది

మెదడులో నీటి అణువులు ఊరికే ఉండవు. వేడికి అటూ ఇటూ కొట్టుకుంటూ 50 మిల్లీసెకన్లలో ఒక దిశలో సుమారు 8 మైక్రాన్లు జరుగుతాయి. నాడీ తంతువులు కట్టలుగా సాగే శ్వేత పదార్థంలో ఈ కదలిక అన్ని వైపులా ఒకేలా ఉండదు. గడ్డిమోపులో దూరిన చీమకు పోచ వెంట పోవడం తేలిక, అడ్డంపడి పోవాలంటే ప్రతి పోచా ఒక గోడే. నీటికీ అంతే. ఏ వైపు తేలిగ్గా కదులుతోందో కొలిస్తే తంతువు ఏ వైపు సాగుతోందో తెలుస్తుంది.

ఈ కదలికను సంకేతంలో పట్టే ఉపాయం స్టెస్కల్, టానర్ 1965లో చూపించారు. అయస్కాంత క్షేత్రం ఒక వైపు నుంచి ఇంకో వైపుకు క్రమంగా పెరిగేలా ఒక గ్రేడియెంట్ పల్స్ ఇస్తారు, కాసేపాగి దాని పనిని రద్దుచేసే పల్స్ ఇంకొకటి ఇస్తారు. కదలని అణువుల లెక్క సరిపోతుంది. ఆ దిశలో కదిలినవాటి లెక్క తప్పుతుంది, ఆ మేరకు సంకేతం తగ్గుతుంది. డెని ల బియాఁ 1980ల మధ్యలో దీన్ని మెదడు చిత్రాల్లోకి తెచ్చాడు. 1990లో మైకేల్ మోజ్లీ బృందం పిల్లుల మెదడులో రక్తప్రసారం ఆగిన చోటు ఈ పద్ధతిలో మామూలు ఎంఆర్ఐ కన్నా ముందే కనబడుతుందని చూపించింది. ఈ రోజు పక్షవాతం అనుమానంతో వచ్చినవారికి చేసే డిఫ్యూజన్ స్కాన్‌కు మూలం అదే.

మన ప్రశ్న ఆ స్కాన్‌కు వర్తించదు. పక్షవాతం స్కాన్‌లో సాధారణంగా ఒకదానికొకటి లంబంగా ఉన్న మూడు దిశల్లో కొలిచి సగటు తీస్తారు. మూడు లంబ దిశల మొత్తాన్ని పట్టుకుంటే ఆ మూడింటినీ కలిపి ఎటు తిప్పినా జవాబు మారదు. ఆసుపత్రుల్లో రోజూ జరిగే డిఫ్యూజన్ స్కాన్లలో చాలాభాగం ఇలాంటివే కాబట్టి, దిక్కుల పేచీ చాలామంది టెక్నీషియన్ల, రేడియాలజిస్టుల దాకా రానే రాదు. ఈ విషయం ఇన్నాళ్లు మూలన పడివుండటానికి అదీ ఒక కారణమే.

పేచీ 1994తో మొదలైంది. ఆ ఏడు పీటర్ బాసర్, జేమ్స్ మాటియెల్లో, ల బియాఁ కలిసి టెన్సర్ పద్ధతిని ముందుకు తెచ్చారు. ఒక్కో వాక్సెల్‌లో, అంటే బొమ్మలోని ఒక్కో చిన్న ఘనపు గడిలో, నీటి కదలికను ఆరు సంఖ్యలతో చెప్పే పద్ధతి అది. ఆరు తెలియని రాశులు కనుక కనీసం ఆరు దిశల్లో కొలవాలి, గ్రేడియెంట్ లేని బొమ్మ ఒకటి ఉండాలి. ఆరింటితో లెక్క తేలుతుంది గానీ నమ్మకం కుదరదు. దిశను నిలకడగా చెప్పాలంటే 30 దిశలైనా ఉండాలని డెరెక్ జోన్స్ 2004లో చూపించాడు. ఆ దిశలను గోళం మీద ఒకదాన్నొకటి నెట్టుకునే విద్యుదావేశాల్లాగా సమంగా పరచడం వాడుక. ఏ దిశలో ఎంత బలంతో కొలిస్తే ఎక్కువ సమాచారం రాబట్టవచ్చో తేల్చడానికి డేనియల్ అలెగ్జాండర్ 2008లో వాడిన కొలబద్ద క్రామర్–రావు హద్దు. ఆ రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావే, ఆ హద్దు వెలువడింది 1945లో. ఇంత శ్రద్ధగా ఎంచిన దిశలను చివరికి తప్పు చట్రంలో చదివితే ఆ పొదుపంతా వృథా.

మూడు చట్రాలు

దిశ అంటే మూడు సంఖ్యలు. ఆ మూడూ ఏ అక్షాల మీద కొలిచినవో చెప్పకపోతే వాటికి అర్థం లేదు. ఇక్కడ మూడు చట్రాలున్నాయి. మొదటిది యంత్రానిది. సొరంగం పొడవునా ఒక అక్షం, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. గ్రేడియెంట్ కాయిల్స్ ఈ చట్రానికే బిగించి ఉంటాయి. రెండోది, వైద్య చిత్రాల ఫైళ్లకు వాడే డైకామ్ ప్రమాణం చెప్పే రోగి చట్రం. రోగి ఎడమ వైపు, వెనక వైపు, తల వైపు ధన దిశలు. పేరుకు రోగి చట్రమే గానీ రోగి తల వంచితే అది వంగదు. వెల్లకిలా, తల ముందుగా లోపలికి వెళ్లాడా లాంటి వివరాన్ని బట్టి యంత్రం చట్రానికి పెట్టిన మారుపేరు లాంటిది. మూడోది స్లైసుది. బొమ్మలో వరస ఎటు పోతోంది, నిలువు గడి ఎటు పోతోంది, స్లైసు మీద స్లైసు ఎటు పేరుకుంటోంది అన్నవి దీని అక్షాలు. టెక్నీషియన్ స్లైసులను వంచితే వంగేది ఇదొక్కటే.

వంచడం దేనికి? మెదడులో ముందు కమిషర్, వెనక కమిషర్ అని రెండు చిన్న అడ్డకట్టలున్నాయి. వాటిని కలిపే గీతను ఆధారం చేసుకుని మెదడు పటాలు గీసే అలవాటు ఫ్రెంచి శస్త్రవైద్యుడు తలైరాక్ పుణ్యమా అని స్థిరపడింది. స్లైసులు ఆ గీతకు సమాంతరంగా ఉంటే ఈ రోగి బొమ్మను ఇంకో రోగి బొమ్మతో, ఆర్నెల్ల కిందటి బొమ్మతో పోల్చడం సులువు. కళ్లను, ముక్కు పక్కన ఉండే గాలి గదులను వీలైనంత తప్పించడానికీ వంపు పనికొస్తుంది. కొందరికి మెడ సరిగా ఆనదు, కొందరికి వీపు గూని. కనుక తలను పక్క నుంచి చూపే సాజిటల్ బొమ్మ మీద స్లైసుల పెట్టెను 10, 15, 20 డిగ్రీలు వంచడం రోజువారీ పని. మంచి టెక్నీషియన్ వంచుతాడు, బద్ధకస్తుడు సూటిగా తీసేస్తాడు. డిఫ్యూజన్ దిశల విషయంలో బద్ధకస్తుడి డేటాయే తక్కువ తగాదా పెడుతుంది. పాపం, మంచి టెక్నీషియన్ తప్పేం లేదు.

మూడు గుణకారాలు

సవరణ మాత్రం ఇంటర్మీడియట్ గణితమే. డైకామ్ ఫైలులో స్లైసు వాలు ఆరు సంఖ్యలుగా ఉంటుంది. వరస దిశకు మూడు దిక్ కొసైన్లు, నిలువు గడి దిశకు మూడు. ఆ రెండు సదిశల వజ్రలబ్ధం తీస్తే స్లైసుకు లంబ దిశ వస్తుంది. రోగి చట్రంలో రాసిన గ్రేడియెంట్ దిశను ఈ మూడు సదిశలతో ఒక్కొక్కదానితో బిందులబ్ధం చేస్తే అదే దిశ స్లైసు చట్రంలోకి మారిపోతుంది. మూడు బిందులబ్ధాలు, అంతే.

స్లైసులు ఎడమ–కుడి అక్షం చుట్టూ 20 డిగ్రీలు వంగాయనుకుందాం. వరస దిశ (1, 0, 0), నిలువు గడి దిశ (0, 0.940, 0.342), లంబ దిశ (0, −0.342, 0.940). సూటిగా తల వైపు పోయే గ్రేడియెంట్ రోగి చట్రంలో (0, 0, 1). మూడు లబ్ధాలు చేస్తే స్లైసు చట్రంలో అది (0, 0.342, 0.940) అవుతుంది. యంత్రంలో కాయిల్ కదల్లేదు, గ్రేడియెంటూ కదల్లేదు. చూసే కిటికీ వంగింది కాబట్టి ఆ కిటికీలోంచి గ్రేడియెంట్ వంగినట్టు కనిపిస్తోంది.

ఈ చిన్న లెక్కలో తప్పు చేసే దారులు మాత్రం చాలా ఉన్నాయి. రోగి చట్రంలో ఉన్న దిశలను తిప్పకుండా వాడితే తప్పు 20 డిగ్రీలు. అప్పటికే స్లైసు చట్రంలో ఉన్నవాటిని మళ్లీ తిప్పినా 20 డిగ్రీలే. ఆ మూడు సదిశలను పేర్చిన మాత్రిక బదులు దాని వ్యత్యస్త మాత్రికతో గుణిస్తే, అంటే తిప్పాల్సిన వైపు కాక ఎదురు వైపు తిప్పితే, తప్పు 40 డిగ్రీలు. అసలు ఏమీ చేయనివాడికన్నా సరిచేయబోయి గుర్తు తప్పినవాడు రెట్టింపు నష్టపోతాడన్నమాట. వాలు రెండు అక్షాల మీద ఉంటే ఇంకో చిక్కుంది. భ్రమణాల వరస మారిస్తే జవాబు మారుతుంది. కోణాలను విడివిడిగా రాసే పాత ఫైళ్లలో ఏది ముందు తిప్పాలో తెలియకుండా లెక్క వేయలేం. కొసైన్ల రూపంలో వాలు దొరికినప్పుడు కోణాల జోలికి పోకపోవడమే మేలు.

తప్పు ఎక్కడ దాక్కుంటుంది

ఇంత సులువైన లెక్క ఇన్నేళ్లు ఎందుకు తప్పుతూ వచ్చింది? తప్పితే తెలియదు కాబట్టి. పట్టికలోని దిశలన్నిటినీ కలిపి ఒకే కోణంలో తిప్పేస్తే, లెక్కలో వచ్చే టెన్సర్ కూడా మొత్తంగా ఆ కోణంలోనే తిరుగుతుంది. దాని ఆకారం మారదు. ఆ ఆకారాన్ని చెప్పే ఐగెన్ విలువలు మారవు. వాటి నుంచి తీసే సగటు విసరణ మారదు. తంతువుల క్రమాన్ని చెప్పే ఎఫ్ఏ సంఖ్యా మారదు. పటం శుభ్రంగా ఉంటుంది, సంఖ్యలు పుస్తకంలో చెప్పినట్టే ఉంటాయి. ఎఫ్ఏ మీద ఆధారపడి రాసిన పత్రాల్లో, కొలత మధ్యలో చట్రం మారనంతవరకు, దిశలు తప్పినా ఫలితాలు నిలుస్తాయి. ఇది ఒక విధంగా అదృష్టం, ఇంకో విధంగా శాపం. జ్వరం రాని జబ్బు లాంటిది.

సరే, రంగుల పటం చూద్దామంటారా? ఎడమ–కుడి తంతువులకు ఎరుపు, ముందు–వెనక వాటికి ఆకుపచ్చ, కింద–మీద వాటికి నీలం అన్న వాడుకను పజెవిక్, పియెర్‌పవోలి 1999లో వివరంగా చర్చించారు. స్కాన్ రాగానే అందరూ ముందు చూసేది మెదడు రెండు సగాలనూ కలిపే కార్పస్ కలోసమ్. నడుమ ఎర్రగా మెరిస్తే "దిశలు బాగానే ఉన్నాయి" అనుకుని ముందుకు పోతారు. కానీ తల స్కాన్‌లో వాలు ఎక్కువగా ఎడమ–కుడి అక్షం చుట్టూ ఉంటుంది. ఆ అక్షం చుట్టూ ఎంత తిప్పినా ఆ అక్షం వెంట ఉన్న సదిశ కదలదు. కార్పస్ కలోసమ్ నడుమ తంతువులు సరిగ్గా ఆ అక్షం వెంటే ఉంటాయి. 20 డిగ్రీల తప్పున్నా అక్కడి ఎరుపు వన్నె తగ్గదు. పరీక్షకు ఎంచుకున్న చోటే ఆ తప్పు చేరలేని చోటు! మెదడు నుంచి వెన్నుపాముకు దిగే కార్టికోస్పైనల్ మార్గం నీలంలో కాస్త పచ్చదనం కలుస్తుంది గానీ, ఆ తంతువులు సహజంగానే నిట్టనిలువుగా ఉండవు కాబట్టి ఎవరూ అనుమానించరు.

గుర్తు తారుమారైతే ఇంకా ఘోరం. రంగులు సదిశ భాగాల పరిమాణం నుంచే వస్తాయి, రుణమా ధనమా అన్నది వాటికి పట్టదు. ఎడమ–కుడి భాగం గుర్తు మొత్తం తిరగబడినా రంగుల పటంలో ఒక్క వాక్సెల్ రంగు కూడా మారదు. కనుక చూడాల్సింది రంగులు కాదు, గీతలు. ఒక్కో వాక్సెల్‌లో ప్రధాన దిశను చిన్న గీతగా గీయించి, శరీర నిర్మాణం మీద పరచి చూడాలి. గుర్తు తప్పితే ఆక్సియల్ (అడ్డకోత) బొమ్మలో కార్పస్ కలోసమ్ ముందు కొమ్మల దగ్గర గీతలు వంపు వెంట పోకుండా దాన్ని అడ్డంగా కోస్తున్నట్టు కనబడతాయి. వాలు తప్పితే ఆక్సియల్‌లో దాదాపు ఏమీ తెలియదు. సాజిటల్ బొమ్మ తీసుకుని, కార్పస్ కలోసమ్ పైన విల్లులా వంగే సింగులమ్ కట్ట మీద గీతలు దాని వెంటే పోతున్నాయా, ఒక పక్కకు ఒరిగి ఉన్నాయా అని చూడాలి. ఈ ఒక్క అలవాటు ఉంటే సగం పేచీలు మొదటి రోజే తెగిపోతాయి.

తప్పు కనబడకపోయినా దాని ఫలం అనుభవించేవాడు ట్రాక్టోగ్రఫీ, అంటే తంతువుల దారులు గీయడం, చేసేవాడు. అందులో గీత వెంట గీత కలుపుకుంటూ దారం సాగుతుంది. 20 డిగ్రీల తప్పుతో కట్ట దిశలో 10 మిల్లీమీటర్లు ముందుకు సాగితే పక్కకు 3.6 మిల్లీమీటర్లు తప్పుకుంటుంది. 10 డిగ్రీలైతే 1.8. వాక్సెల్ 2 మిల్లీమీటర్లు ఉన్న చోట ఇది పక్క వీధిలోకి పోవడమే. చాలా దారాలు కట్ట దాటి, ఎఫ్ఏ తక్కువున్న చోట ఆగిపోతాయి. కొన్ని పక్క కట్టలోకి దూరి నిక్షేపంగా సాగిపోతాయి, ప్రమాదకరమైనవి ఇవే. కణితి పక్కన కార్టికోస్పైనల్ మార్గం ఎంత దూరంలో ఉందో ఈ దారాలను చూసి నిర్ణయించే సందర్భాలున్నాయి కాబట్టి మిల్లీమీటర్ల లెక్క మాటవరసకు చెప్పేది కాదు.

కంపెనీకో ఆనవాయితీ

యంత్రాలు చేసే కంపెనీల సొంత సాఫ్ట్‌వేర్ ఈ మార్పులన్నీ లోపలే చేసుకుంటుంది. డేటా ఆ గడప దాటి బయటికి వచ్చినప్పుడే చిక్కు. సీమెన్స్ ఫైళ్లలో గ్రేడియెంట్ దిశ రోగి చట్రంలో ఉంటుంది, తిప్పాలి. జీఈ ఫైళ్లలో స్లైసు చట్రంలోనే, ఫ్రీక్వెన్సీ–ఫేజ్ దిశల ప్రకారం ఉంటుంది. స్లైసులు వంచితే గ్రేడియెంట్ దిశలూ వాటితోపాటే వంగుతాయి కనుక వాలు కోసం తిప్పకూడదు. కానీ ఫేజ్ దిశ వరస వెంటా, నిలువు గడి వెంటా అన్నదాన్ని బట్టి మొదటి రెండు సంఖ్యలు తారుమారు చేయాల్సి రావచ్చు. ఒక యంత్రానికి రాసిన స్క్రిప్టును ఇంకో యంత్రం డేటా మీద నడిపితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. రెండు కేంద్రాల్లో రెండు కంపెనీల యంత్రాలతో చేసే అధ్యయనాల్లో ఇది అచ్చంగా ఎదురయ్యే పరిస్థితి.

ఫిలిప్స్ కథ ఒక పూట చెప్పుకోవచ్చు. ఆ కంపెనీ పాత పార్–రెక్ ఫైళ్లలో వాలు మూడు కోణాలుగా ఉండేది. దిశల పట్టిక సాఫ్ట్‌వేర్ విడుదలను బట్టి మారేది. రోగి పడుకున్న తీరు, ఫోల్డోవర్ దిశ, కొవ్వు జరుగుదల దిశ, 'గ్రేడియెంట్ ఓవర్‌ప్లస్' అనే ఒక మీట వేశారా లేదా అన్నవి కూడా పట్టించుకోవాలి. మూడు కాయిల్స్‌ను కలిపి వాడి మూలల వైపు ఎక్కువ బలం రాబట్టే ఏర్పాటు ఆ మీట. జాన్స్ హాప్కిన్స్‌లో జొనాథన్ ఫారెల్ ఈ వివరాలన్నీ అడిగి సరైన పట్టిక తయారుచేసిచ్చే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాశాడు. ఒకప్పుడు ఫిలిప్స్ యంత్రం మీద డిఫ్యూజన్ చేసేవారికి అది పంచాంగం లాంటిది. ఇవాళ పాత హార్డ్‌డిస్కుల్లోంచి పార్–రెక్ డేటా తవ్వితీసేవారికి దాని అవసరం ఇంకా తీరలేదు.

తర్వాత డైకామ్ ప్రమాణంలోనే కొలత బలాన్ని చెప్పే బీ-వేల్యూకీ, గ్రేడియెంట్ దిశకూ స్థానాలు ఏర్పడ్డాయి, దిశ రోగి చట్రంలో ఉండాలని నిర్ణయమైంది. క్రిస్ రోర్డన్ రాసిన డీసీఎం2ఎన్ఐఐఎక్స్ మార్పిడి ప్రోగ్రామ్ కంపెనీల తేడాలను నెత్తిన వేసుకుని దిశలను స్లైసు చట్రంలోకి తిప్పి ఇస్తుంది. ఇప్పుడు మొదలుపెట్టేవారికి నా సలహా ఒక్కటే. చేత్తో సరిచేయకండి, ఈ ప్రోగ్రామ్ ఇచ్చినదాన్ని తీసుకుని గీతలు చూసి ఒప్పుకోండి. అయితే ఇది కూడా ఫైలులో ఉన్నదాన్నే చదవగలదు. రోగి వివరాలు తుడిచేసే సాఫ్ట్‌వేర్‌లు పేరు, ఊరుతోపాటు కంపెనీల ప్రైవేటు ట్యాగులనూ తుడిచేస్తుంటాయి, దిశలు ఉండేది తరచు ఆ ట్యాగుల్లోనే. అప్పుడు మిగిలేది ఎవరో ఈమెయిల్‌లో పంపిన 30 వరసల పట్టిక. అది ఏ చట్రంలోదో ఆ పట్టికకే తెలియదు.

ఫైలుకో అర్థం

ఆక్స్‌ఫర్డ్‌వారి ఎఫ్ఎస్ఎల్ సాఫ్ట్‌వేర్ బీవెక్ అనే చిన్న టెక్స్ట్ ఫైలును ప్రచారంలోకి తెచ్చింది. మూడు వరసలు, స్కాన్‌కొక నిలువు గడి. దిశలు బొమ్మ అక్షాల ప్రకారం ఉండాలి. దానికొక మెలిక కూడా పెట్టారు. బొమ్మ హెడర్‌లో ఉన్న మాత్రిక నిర్ధారకం ధనమైతే మొదటి భాగం గుర్తు మార్చి చదువుతారు. ఆ మెలిక తెలియనివాళ్లు తిరగేసినవి ఎన్నో. మెల్‌బోర్న్‌లో పుట్టిన ఎంఆర్‌ట్రిక్స్ సాఫ్ట్‌వేర్ తన సొంత పట్టికను యంత్రం అక్షాల మీద పెట్టుకుంటుంది. డైకామ్‌లో ఎడమ, వెనక ధన దిశలైతే పరిశోధకులు వాడే నిఫ్టీ ఫైళ్లలో కుడి, ముందు ధన దిశలు, అంటే రెండు గుర్తులు అక్కడే తారుమారు. బొమ్మ అక్షాలను అటూ ఇటూ మార్చే చిన్న కమాండ్లు చాలావరకు పక్కనున్న బీవెక్ ఫైలును ముట్టుకోవు. బొమ్మ తిరుగుతుంది, పట్టిక తిరగదు.

వీటన్నిటిలో నాకు నచ్చిన పరిష్కారం గోర్డన్ కిండల్‌మన్ ఎన్ఆర్ఆర్‌డీ ఫైలు పద్ధతిలో పెట్టిన కొలత చట్రం. పట్టికతోపాటే, అది ఏ అక్షాల మీద రాసినదో చెప్పే ఒక మాత్రికను హెడర్‌లో ఉంచుతారు. ఇక ఊహలకు చోటులేదు. పత్రం మీద 'ఉత్తరం ఇటు' అని బాణం గీసినట్టు. కానీ వాడుక గెలిచింది. డేటా ఫైళ్లను సర్దే పద్ధతిగా 2016లో వచ్చిన బిడ్స్ అమరిక ఎఫ్ఎస్ఎల్ బీవెక్‌నే ప్రమాణంగా తీసుకుంది. బాణం లేని పటమే దేశమంతా చెల్లుతోంది. అందరూ ఒకే రకం పటం వాడుతున్నారు కాబట్టి నడుస్తోంది, కాదనను. ఆ ఒక్క రకానికి రాకముందు తీసిన వేల స్కాన్ల గతి మాత్రం వెతుక్కోవాల్సిందే.

తల కదిలినప్పుడు

స్లైసుల వాలు స్కాన్ మొత్తానికి ఒకటే. తల కదలిక అలా కాదు. పది నిమిషాల స్కాన్‌లో నాలుగో నిమిషంలో తల 3 డిగ్రీలు తిరిగితే, అక్కణ్ణుంచి కొలతలన్నీ తలకు సంబంధించి వేరే దిశల్లో జరిగినట్టే. కంప్యూటర్‌లో బొమ్మలను తిప్పి ఒకదాని మీద ఒకటి సరిపెడతాం. పట్టికలో ఆయా వరసలను కూడా అంతే తిప్పాలి. అలెగ్జాండర్ లీమన్స్, డెరెక్ జోన్స్ 2009లో ఈ మాటనే పత్రం శీర్షికగా పెట్టి, తిప్పకపోతే ఏమవుతుందో లెక్కకట్టి చూపించారు. ఇక్కడ వరసకో కోణం కాబట్టి టెన్సర్ మొత్తంగా తిరగదు, ఆకారమే చెడుతుంది. ఎఫ్ఏ కూడా తప్పుతుంది. ఎఫ్ఎస్ఎల్‌లో కదలికను సరిచేసే పాత ప్రోగ్రామ్ ఎడ్డీ_కరెక్ట్ పట్టికను తిప్పేది కాదు. దాని స్థానంలో వచ్చిన ఎడ్డీ తిప్పిన దిశల ఫైలును విడిగా ఇస్తుంది. ఆ ఫైలును వదిలేసి పాతదే వాడుకునే పరధ్యానానికి ఏ సాఫ్ట్‌వేరూ మందు వేయలేదు.

రెండు విషయాలూ కలిసే చోటు ఒకటుంది. రోగి మధ్యలో లేచి వెళ్లొస్తాడు. మళ్లీ పడుకోబెట్టి స్లైసులను కొత్తగా, ఇంకో వాలుతో పెడతారు. రెండు భాగాలను కలిపేటప్పుడు దేని పట్టికను దాని వాలుతో తిప్పి, ఆ తర్వాత కదలిక సవరణకు ఇవ్వాలి. రెండింటికీ ఒకే పట్టిక అతికిస్తే, ఎఫ్ఏకి ఏమీ కాదని పైన చెప్పిన భరోసా ఇక్కడ చెల్లదు.

ఇంకా లోతుకు పోతే దిశ వాక్సెల్‌కు వాక్సెల్‌కు మారుతుంది. గ్రేడియెంట్ కాయిల్స్ సొరంగం నడుమ తప్ప మిగతా చోట్ల చెప్పిన దిశలో, చెప్పిన బలంతో పనిచేయవు. దీన్ని సరిచేసే పద్ధతిని రోలాండ్ బామర్ బృందం 2003లో ఇచ్చింది. బీ-వేల్యూ 1000, 2000, 3000లలో ఒక్కోదానికి 90 దిశలు కొలిచిన హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్టు తన డేటాతోపాటు వాక్సెల్‌కు తొమ్మిది సంఖ్యల సవరణ ఫైలును కూడా పంచుతోంది. మామూలు 3 టెస్లా యంత్రంలో తల నడుమ ఉన్నప్పుడు ఇది చిన్న తప్పే. స్లైసు వాలును 20 డిగ్రీల మేర తప్పుగా చదివినవాడు దీని గురించి బెంగపెట్టుకోవడం ఇల్లు కూలుతుంటే సున్నం గురించి అడగడమే.

దారాల పొడవు చెప్పే సాక్ష్యం

పట్టిక ఏ చట్రంలోదో తెలియనప్పుడు డేటానే అడగవచ్చు. తప్పు దిశలతో దారాలు కట్ట దాటి తెగిపోతాయని చెప్పుకున్నాం కదా, ఆ తెగడమే సాక్ష్యం. బెన్ జూరిసెన్, లీమన్స్, యాన్ సిజ్‌బర్స్ 2014లో దీన్ని పద్ధతిగా మలిచారు. పట్టికను రకరకాలుగా మార్చి, ప్రతిసారీ దారాలు సాగించి, సగటు పొడవు ఎక్కడ ఎక్కువ వస్తే అది సరైనదని తేలుస్తారు. మూడు అక్షాలను ఆరు రకాలుగా తారుమారు చేయవచ్చు, గుర్తుల మార్పులు నాలుగు రకాలు. దిశ, దాని ఎదురు దిశ ఒకే జవాబిస్తాయి కనుక ఎనిమిది కాదు. మొత్తం 24. ఎంఆర్‌ట్రిక్స్‌లో దీని ఆధారంగా ఉన్న డీడబ్ల్యూఐగ్రాడ్‌చెక్ ఈ 24నూ యంత్రం చట్రంలో ఒకసారి, బొమ్మ చట్రంలో ఒకసారి పరీక్షిస్తుంది. మన పల్లె–బస్తీ ప్రశ్నను నేరుగా డేటానే అడగడం ఇది. ఇమాన్ అగంజ్ 2018లో దారాలు సాగించకుండా తంతువుల అవిచ్ఛిన్నతను కొలిచి, కర్ట్ షిల్లింగ్ బృందం 2019లో పక్కపక్క వాక్సెల్స్ గీతల పొందికను సంఖ్యగా చేసి ఇదే పని ఇంకో దారిలో చేశారు.

గుర్తు తప్పిందా, అక్షాలు తారుమారయ్యాయా అన్నది ఈ పద్ధతులు బాగా పట్టేస్తాయి, అక్కడ తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. 8 డిగ్రీల వాలును వదిలేస్తే దారాల పొడవులో వచ్చే తేడా చిన్నది. అంత చిన్న తేడా మీద తీర్పు చెప్పేటప్పుడు ఒక్క స్కాన్‌ను నమ్మను. అదే కేంద్రం, అదే యంత్రం నుంచి వాలు ఎక్కువున్న స్కాన్లు ఏరి, వాటి మీద పరీక్ష నడిపి, వచ్చిన జవాబును మొత్తం గుట్టకు వర్తింపజేయడం మేలు. సూటిగా తీసిన స్కాన్ల మీద ఈ ప్రశ్న అడిగి లాభం లేదు, మంచం సూటిగా ఉన్నప్పుడు పడమరా ఎడమా ఒకటే.

యంత్రం చేతిలో ఉన్నవారికి ఇంకా సూటి దారి ఉంది. ఆస్పరాగస్ కాడలను డిఫ్యూజన్ నమూనాలుగా వాడటం ఈ రంగంలో పాత అలవాటే. వాటి నాళాలు పొడవునా ఒకే వైపు సాగుతాయి. తోటకూర కాడతో ఒకసారి చేసి చూడాలని నా సరదా. కాడను సొరంగం పొడవునా కదలకుండా పెట్టి, ఒకసారి స్లైసులు సూటిగా, ఇంకోసారి ఎడమ–కుడి అక్షం చుట్టూ 30 డిగ్రీలు వంచి తీయాలి. రెండు స్కాన్లనూ మీ రోజువారీ స్క్రిప్టు గుండా పంపి, వచ్చిన ప్రధాన దిశలను యంత్రం చట్రంలోకి తెచ్చి పక్కపక్కన పెట్టాలి. రెండూ కాడ వెంటే ఉంటే స్క్రిప్టు సరైనది. వంచిన స్కాన్‌లో గీతలు 30 డిగ్రీలు ఒరిగితే తిప్పాల్సినదాన్ని తిప్పలేదు, లేదా తిప్పకూడనిదాన్ని తిప్పారు. 60 ఒరిగితే ఎదురు వైపు తిప్పారు.